కొత్త నాళానికి కవచం!

మేడారం జాతర రోజులు. ములుగు బస్టాండులోకి బస్సు వచ్చీరాగానే జనం ఎగబడతారు. తలుపు దగ్గర తోపులాట... కేకలు... సంచులు, పిల్లలు, బంగారం బుట్టలు! తెలిసినవాడు మాత్రం ఆ గుంపులోకి పోడు. వెనకనుంచి వచ్చి కిటికీలోంచి చెయ్యిపెట్టి సీటు మీద కర్చీఫు పడేస్తాడు. అంతే, ఆ సీటు వాడిదైపోయినట్టే. తర్వాత ఎంతమంది వచ్చి ఎంత అరిచినా లాభం ఉండదు.

సరిగ్గా ఇలాంటి పోటీయే మనిషి ఒంట్లోనూ జరుగుతుంది. పూడుకుపోయిన రక్తనాళానికి బదులుగా డాక్టర్లు ఓ కృత్రిమ గొట్టాన్ని కుట్టిన మరుక్షణం నుంచీ దాని మీద చోటు కోసం రెండు పక్షాలు పరుగందుకుంటాయి. ఒకటి మన సొంత కణాలు. రెండోది సూక్ష్మక్రిములు. మన కణాలు ముందు కర్చీఫు వేస్తే గొట్టం ఒంట్లో కలిసిపోతుంది. క్రిములు ముందు వేస్తే... కాలు పోవచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. ఆంటొనీ గ్రిస్టినా అనే అమెరికన్ ఎముకల వైద్యుడు 1987లో ఈ పోటీని ‘ఉపరితలం కోసం పరుగుపందెం’ అన్నాడు. వైద్యులు ఇప్పటికీ అదే మాట వాడుతున్నారు.

ఆ పందెంలో మనవాళ్లను గెలిపించడానికి వచ్చినవే రక్షణ పూతలు. మందు పూత, వెండి పూత, అసలేదీ అంటుకోని పూత... నలభై ఏళ్లకు పైగా ఈ ప్రయత్నాలు నడుస్తూనే ఉన్నాయి. మరి, నిజంగా పనిచేస్తున్నాయా?

పిక్కలు పట్టేస్తే...

వేసవి వచ్చిందంటే తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట అడవుల్లో తునికాకు కోతే పని. కట్టలు కట్టి కల్లాల్లో ఆరేసిన ఆ ఆకే ఎక్కడో బీడీ అవుతుంది. తిరిగి తిరిగి మన ఊరి కిరాణా కొట్టుకే వస్తుంది. చెట్టుమీద ఉన్నంతసేపూ ఆ ఆకు వల్ల ఏ నష్టమూ లేదు. దాంట్లో పొగాకు చుట్టి వెలిగించాకే అసలు కథ మొదలవుతుంది.

బీడీ, చుట్ట, సిగరెట్... ఏదైనా ఒకటే. పొగ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. దానికి షుగరు, బీపీ తోడైతే కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనులు క్రమంగా పూడుకుపోతాయి. మొదట్లో కాస్త దూరం నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. నిలబడితే తగ్గుతుంది. మళ్లీ నడిస్తే మళ్లీ పట్టేస్తుంది. ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటారు. తర్వాత రాత్రిపూట పడుకున్నా పాదం మంట. మంచం పట్టె మీదనుంచి కాలు కిందికి వేలాడేస్తే గానీ నిద్రపట్టదు. ఆ తర్వాత వేలు నల్లబడుతుంది. ‘నరాలు చచ్చిపోయినయి’ అంటారు ఊళ్లో. మన వాడుకలో నరమంటే అన్నీ నరాలే... నొప్పిని మోసేదీ నరమే, రక్తాన్ని మోసేదీ నరమే! ఈ తికమక వల్లే చాలామంది నరాల బలానికి సూదులు వేయించుకుంటూ విలువైన నెలలు పోగొట్టుకుంటారు.

ఏ సర్కారు దవాఖానా ఓపీలో కూర్చున్నా ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

“పెద్దయ్యా, బీడీలు తాగుతవా?”

“ఎప్పుడన్న ఒకటి సారూ...”

“దినానికి ఎన్ని?”

“ఓ కట్ట...”

ముప్పై, నలభై ఏళ్ల పొగరాయుళ్లకు వచ్చే బర్జర్స్ జబ్బు ఇంకో రకం. అందులో పాదాల దగ్గరి సన్నటి ధమనులే మూసుకుపోతాయి. కొత్త గొట్టాన్ని తీసుకెళ్లి కలపడానికి కింద మంచి నాళమే దొరకదు. కాబట్టి చాలామందికి బైపాస్ కుదరదు. పొగాకు పూర్తిగా మానడమే అసలు మందు. పెద్ద ధమనుల్లో అడ్డంకి ఉన్నవాళ్లకు మాత్రం దారి ఉంది. బెలూన్‌తో నాళాన్ని విప్పారేలా చేయొచ్చు, స్టెంటు వేయొచ్చు. కుదరకపోతే బైపాస్... అంటే ఊరి మధ్య రోడ్డు ఇరుకైతే ఊరవతలి నుంచి కొత్త రోడ్డు వేసినట్టే, అడ్డంకికి పైనుంచి కిందివరకూ కొత్త నాళం కలపడం.

ఆ కొత్త నాళం ఎక్కడిది? మొదటి ఓటు ఎప్పుడూ రోగి సొంత సిరకే. చీలమండ నుంచి గజ్జల దాకా చర్మం కిందే పాకే పొడవాటి సిర ఒకటుంది, సఫీనస్ అని. దాన్ని తీసి వాడతారు. కానీ కొందరికి అది గుండె బైపాస్‌లోనే ఖర్చయిపోయి ఉంటుంది. కొందరికి మరీ సన్నగా ఉంటుంది, కొందరికి ఉబ్బి మెలికలు తిరిగి ఉంటుంది. ఇక కడుపులోని మహాధమనిని మార్చాలంటే కాలి సిర ఏ మూలకీ చాలదు. అప్పుడు వాడేదే కృత్రిమ నాళం. డాక్టర్ల మాటల్లో ‘గ్రాఫ్టు’.

కుట్టుమిషన్ మీద పుట్టింది

ఈ గొట్టం ఏమిటో తెలిస్తే ఆశ్చర్యపోతాం. అది గుడ్డ! అక్షరాలా గుడ్డే. మన పాలిస్టర్ చొక్కాలకు బంధువు.

1947లో న్యూయార్క్‌లో ఆర్థర్ వూరీస్ అనే కుర్ర సర్జన్ కుక్క గుండెలో పొరపాటున ఉండిపోయిన పట్టుదారాన్ని కొన్ని నెలల తర్వాత చూశాడు. దాని చుట్టూ నిగనిగలాడే సన్నటి పొర ఏర్పడి ఉంది. దారానికే పొర కడితే గుడ్డకెందుకు కట్టదు? ఆ ప్రశ్నతోనే వినియాన్ అనే బట్టతో గొట్టాలు చేసి కుక్కల్లో పెట్టి చూశారు. ఫలితాలు 1952లో అచ్చయ్యాయి. ఆ తర్వాత రంగంలోకి దిగినవాడు హ్యూస్టన్‌కు చెందిన మైకేల్ డిబేకీ. నైలాన్ గుడ్డ కోసం బట్టల దుకాణానికి వెళ్తే, నైలాన్ అయిపోయింది... డెక్రాన్ అనే కొత్త రకం వచ్చింది, తీసుకెళ్లండి అన్నారట. తీసుకెళ్లాడు. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న కుట్టుపని అక్కరకొచ్చింది. ఇంట్లో కుట్టుమిషన్ మీద తనే గొట్టాలు కుట్టాడు. ఆ గుడ్డే ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతున్నది. ఇంకో విచిత్రం... 97 ఏళ్ల వయసులో డిబేకీ మహాధమని చీలితే 2006లో ఆయన ఛాతీలో పెట్టింది కూడా డెక్రాన్ గొట్టమే. ఆ తర్వాత రెండేళ్లకు పైగా బతికాడాయన.

వరంగల్ వాళ్లకు మగ్గం సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఇక్కడి డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గ్రాఫ్టుల్లోనూ నేసినవి వేరు, అల్లినవి వేరు. పడుగూ పేకా బిగించి నేసినది గట్టిగా ఉంటుంది, రక్తం కారదు. స్వెట్టర్‌లా అల్లినది మెత్తగా ఒంగుతుంది, కుట్టడం సులువు, కానీ కళ్లలోంచి రక్తం కారిపోతుంది. అందుకే పాతరోజుల్లో ఆపరేషన్ బల్ల పక్కనే రోగి రక్తంలోనే ముంచి, గడ్డకట్టించి, కళ్లు పూడ్చి అప్పుడు కుట్టేవాళ్లు. తర్వాత్తర్వాత కంపెనీలే కొల్లాజెన్, జెలటిన్, ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లతో కళ్లు పూడ్చి పంపడం మొదలుపెట్టాయి. గుడ్డకు గంజి పెట్టినట్టన్నమాట! ఒంట్లోకి వెళ్లాక ఆ గంజి కొద్దివారాల్లో కరిగిపోతుంది.

ఈ గంజే తర్వాతి కథకు దారి చూపింది. పూత ఎలాగూ వేస్తున్నాం... అందులో మందు కలిపితే?

వంద చాలు!

మందు అవసరం ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. 1957లో బ్రిటన్ పరిశోధకులు ఎలెక్, కోనెన్ ఓ సాహసం చేశారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల చర్మంలోకి స్టఫైలోకాకస్ అనే క్రిముల్ని ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పట్టాలంటే లక్షల్లో, పది లక్షల్లో క్రిములు కావాల్సి వచ్చింది. అదే చోట ఓ పట్టు కుట్టు వేసి ఉంచితే... కొన్ని వందలు చాలు! ఒక్క దారప్పోగు ఒంటి కాపలాను అంతగా బలహీనపరిచింది. మరి అడుగు పొడవున్న గుడ్డ గొట్టం సంగతి?

క్రిములు ఎక్కడినుంచో ఊడిపడవు. మన చర్మం మీదే ఉంటాయి, ముక్కులో ఉంటాయి. ముఖ్యంగా గజ్జల మడతల్లో చెమట, తడి... వాటికి మంచి ఆశ్రయం. కాలి బైపాస్‌కు కోత పెట్టేది అక్కడే. రోగి పాదం మీద ఎప్పటినుంచో మానని పుండు ఉంటే ఆ క్రిములూ పైకి పాకుతాయి. కడుపులో మహాధమనికి వేసిన గ్రాఫ్టుల్లో నూటికి ఒకటి రెండింటికి ఇన్‌ఫెక్షన్ వస్తుంటే, గజ్జల మీదుగా వెళ్లేవాటిలో ఆరు దాకా వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి.

నూటికి ఆరే కదా అనుకోవద్దు. వచ్చినవాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. గొట్టం మీదికి చేరిన క్రిములు ఊరికే ఉండవు. తమ చుట్టూ జిగురు కట్టుకుంటాయి. పొద్దున్నే లేవగానే పళ్లమీద పాచి ఉంటుందే... అచ్చం అదే. పుక్కిలిస్తే పాచి పోతుందా? పుల్లో, బ్రష్షో పెట్టి తోమితేనే పోతుంది. ఒంట్లోపలి గొట్టాన్ని తోమేదెలా? రక్తంలో కలిసి వచ్చే యాంటీబయాటిక్ ఆ జిగురును దాటుకుని లోపలికి పోలేదు, పోయినా అక్కడ నిద్రాణంగా ఉన్న క్రిముల్ని చంపలేదు. చివరికి చాలామందికి గొట్టాన్నే తీసేయాలి. తీస్తే కాలికి రక్తం ఎలా? మళ్లీ ఇంకో దారి వెతకాలి. ఈలోగా కుట్లు కుళ్లి తెగితే ఒక్కసారిగా రక్తం చిమ్ముతుంది. అప్పుడు చేతిలో ఉండేది నిమిషాలే.

కొన్ని క్రిములు తొలి నాలుగు నెలల్లోనే బయటపడతాయి. కొన్ని మహా ఓపికమంతులు! చర్మం మీద నిరపాయంగా బతికే స్టఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అయితే గొట్టం మీద ఏళ్లతరబడి నక్కి ఉండి, ఎప్పుడో గజ్జల్లో చిన్న చీము రంధ్రంగా బయటికొస్తుంది.

ఎర్ర మందు

టీబీ మందు వాడిన ఇల్లు మన పల్లెల్లో ఉండే ఉంటుంది. ‘ఎర్రగోలీ వేసుకుంటే మూత్రం ఎర్రగొస్తది, భయపడొద్దు’ అని ఆశా కార్యకర్త ముందే చెబుతుంది. ఆ ఎరుపు రిఫాంపిసిన్‌ది. టీబీ క్రిమికే కాదు, చీము పట్టించే స్టఫైలోకాకస్‌కూ అది గట్టి శత్రువు. పాచిలోకి చొరబడగల అతికొద్ది మందుల్లో ఒకటి. పైగా దానికో మంచి గుణం ఉంది... జెలటిన్‌ను పట్టుకుని వేలాడుతుంది. జెలటిన్ గంజి పెట్టిన గ్రాఫ్టును ఆపరేషన్ థియేటర్లోనే ఓ పావుగంట రిఫాంపిసిన్ ద్రావణంలో నానబెడితే చాలు. తెల్లగుడ్డ కాషాయం రంగులోకి తిరుగుతుంది. ఒంట్లోకి వెళ్లాక కొద్దిరోజులపాటు మందు కాస్తకాస్త ఊరుతూ ఉంటుంది.

వినడానికి ఎంత బాగుందో! జంతువుల మీద పరీక్షల్లోనూ బాగానే పనిచేసింది. 1990ల్లో ఐరోపాలో, ఇటలీలో మనుషుల మీద పరీక్షలు పెట్టారు. కొంతమందికి మందులో నానబెట్టినది, కొంతమందికి మామూలుది. ఫలితం చూస్తే... ఇన్‌ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలాంటి పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి 2006లో కాక్రేన్ సమీక్ష వేసిన లెక్కలోనూ అదే తేలింది. అదే సమీక్షలో ఇంకో సంగతి మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆపరేషన్ సమయంలో రోగికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తే గాయం చీముపట్టడం సుమారు నాలుగో వంతుకు తగ్గిపోయింది. తొలిరోజుల గ్రాఫ్టు ఇన్‌ఫెక్షన్లు మూడో వంతుకు దిగాయి. ఖరీదైన పూత చేయలేని పనిని ఓ మామూలు సూది చేసిందన్నమాట. కాకపోతే అది పడాల్సిన వేళకు పడాలి... కోత పెట్టడానికి ముందు గంటలోపే. కోత అయ్యాక ఇస్తే క్రిములు కర్చీఫు వేసేసినట్టే.

మరి పూత ఎందుకు ఓడింది? కారణాలు చాలా ఉన్నాయి. మందు కొద్దిరోజుల్లో అయిపోతుంది, ఓపికున్న క్రిమి అంతకాలం ఆగగలదు. కొన్ని స్టఫైలోకాకస్ రకాలు రిఫాంపిసిన్‌కు లొంగవు. పేగులనుంచి వచ్చే ఈకొలై లాంటివాటి మీద దాని ప్రభావం అంతంతమాత్రం. అసలు ఓడిందని అనడం కూడా తొందరపాటే. నూటికి రెండు వచ్చే జబ్బు ఒకటికి తగ్గిందని గట్టిగా చెప్పాలంటే దాదాపు నాలుగున్నర వేలమంది రోగులు కావాలి. జరిగిన పరీక్షల్లో వందల్లోనే ఉన్నారు. పులి లేదని చెప్పడానికి, పులి కనిపించలేదని చెప్పడానికి తేడా ఏటూరునాగారం అడవి పక్కన ఉన్నవాళ్లకు బాగా తెలుసు!

మనదేశంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రిఫాంపిసిన్ టీబీకి ఆయువుపట్టు. క్రిమి జన్యువులో ఒక్కచోట మార్పు వచ్చినా ఈ మందు పనిచేయడం మానేస్తుంది. అందుకే టీబీలో దాన్ని ఎప్పుడూ ఒంటరిగా ఇవ్వరు. ప్రతి గ్రాఫ్టునూ అందులో ముంచడం మొదలుపెట్టే ముందు ఆలోచించుకోవాల్సిన సంగతే. అయితే అప్పటికే కుళ్లిన గ్రాఫ్టును తీసేసి అక్కడే కొత్తది వేయక తప్పని స్థితిలో, సొంత సిర లేనప్పుడు, చాలామంది సర్జన్లు ఎర్రమందులో నానబెట్టినదాన్నే ఎంచుకుంటారు. అక్కడ ఉన్నంతలో అదే ధైర్యం.

వెండి పూత

పసిపిల్లలకు వెండి ఉగ్గుగిన్నె, కాలిన గాయాలకు సిల్వర్ ఆయింట్‌మెంట్... వెండికి క్రిముల్ని చంపే గుణం ఉందని లోకమెరుగును. గ్రాఫ్టుల కంపెనీలూ వదల్లేదు. కొల్లాజెన్ పూతలో వెండి లవణాన్ని కలిపిన గొట్టాలు పాతికేళ్ల కిందటే మార్కెట్లోకొచ్చాయి. దానికి ట్రైక్లోసాన్ అనే క్రిమినాశినిని జోడించిన రకం కూడా ఉంది. వెండికి ఉన్న వీలేమిటంటే, అది క్రిమిని ఒకేచోట కాకుండా పలుచోట్ల దెబ్బకొడుతుంది. కాబట్టి తప్పించుకోవడం కష్టం. నానబెట్టే శ్రమ లేదు, డబ్బా విప్పి కుట్టేయొచ్చు. అయినా మామూలు రోగుల్లో వెండి గొట్టాన్నీ ఉత్త గొట్టాన్నీ పోల్చిన అధ్యయనాల్లో తిరుగులేని తేడా బయటపడలేదు. ధర మాత్రం తేడానే!

ఇక్కడ ఓ సందేహం రావాలి. పూతలన్నీ ఇంతేనా? కాదు. మెడ దగ్గర పెట్టే సెలైన్ క్యాథెటర్లకు రిఫాంపిసిన్, మినోసైక్లిన్ కలిపి పూసి 1999లో పరీక్షిస్తే రక్తంలో ఇన్‌ఫెక్షన్ వెయ్యికి మూడే వచ్చింది. దాంతో పోల్చిన మరో రకం పూత క్యాథెటర్లలో అది 34. పేస్‌మేకర్‌ను ఇవే రెండు మందులున్న వలసంచిలో పెట్టి గుండెదగ్గర అమర్చిన పరీక్షలో, దాదాపు 7 వేలమంది మీద, పెద్ద ఇన్‌ఫెక్షన్లు 40 శాతం తగ్గాయని 2019లో తేలింది. అంటే సూత్రం తప్పు కాదు. క్యాథెటర్ కొద్దిరోజుల అతిథి. పూత కూడా అన్నిరోజులు పనిచేస్తే చాలు. రక్తనాళం అలాకాదు, జీవితాంతం ఉండాలి. పైగా క్షణం తీరిక లేకుండా రక్తం దాన్ని కడుగుతూనే ఉంటుంది. క్రిముల్ని చంపే మందు మోతాదు మించితే మన కణాలూ చస్తాయి... కర్చీఫు వేయాల్సిన మనవాడే బస్సు కింద పడ్డట్టు!

తామరాకు దారిలో

అందుకే ఇప్పటి పరిశోధకుల చూపు మరోవైపు మళ్లింది. చంపడం కాదు, అసలు అంటుకోనివ్వకపోవడం. గొట్టం మీద నీటిని పట్టి ఉంచే సన్నటి పాలిమర్ పోగుల్ని దట్టంగా మొలిపిస్తే క్రిమికి కాలు మోపే చోటు దొరకదు. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టు, దాని మీద క్రిమి నిలవదు. ప్రయోగశాలలో బాగా పనిచేస్తున్న ఇలాంటి పూతలు ఒంట్లోకి వెళ్లాక రక్తంలోని ప్రొటీన్లు కప్పేసి నీరుగారిపోవడం మామూలే. దాన్ని దాటడమే ఇప్పటి పోరాటం. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పూసిన గొట్టాలు అయితే ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. అవి ఇన్‌ఫెక్షన్ కోసం చేసినవి కావు, రెంటినీ కలిపి చూడొద్దు.

అసలు గుడ్డే వద్దంటున్నవాళ్లూ ఉన్నారు. మనిషి కణాలతో ప్రయోగశాలలో నాళాన్ని పెంచి, తర్వాత కణాలన్నిటినీ కడిగేసి, మిగిలిన ప్రొటీన్ గొట్టాన్ని ఎవరికైనా వేసేలా తయారుచేశారు. ప్రమాదాల్లో చేతులు, కాళ్ల ధమనులు తెగి, సొంత సిర వాడే వీల్లేనివాళ్ల కోసం అమెరికా ఔషధ సంస్థ 2024 డిసెంబరులో ఇలాంటిదానికి అనుమతి ఇచ్చింది. రోగి కణాలు నెమ్మదిగా అందులోకి పాకి దాన్ని సొంతం చేసుకుంటాయి. మన జిల్లా ఆసుపత్రి దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో!

మనవాళ్లూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన దేశీయ గుండె కవాటాన్ని 1990లో తొలిసారి రోగికి అమర్చారు. కృత్రిమ రక్తనాళం మీదా అక్కడ ఏళ్లతరబడి పని జరిగింది. హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1990ల్లో చవక స్టెంటు తయారుచేసిన సంగతి తెలిసిందే. క్షిపణుల లోహం తెలిసిన చేతులు రక్తనాళంలోకి దిగాయి. అలాంటి జోడీ గ్రాఫ్టుల పూతకు ఇంకా దొరకాల్సి ఉంది.

డయాలిసిస్ చెయ్యి

ఈ కథలో మనకు మరీ దగ్గరైన అధ్యాయం డయాలిసిస్. వారానికి రెండు మూడుసార్లు రక్తాన్ని బయటికి తీసి శుద్ధిచేసి ఎక్కించాలంటే జోరుగా పారే నాళం కావాలి. 1966లో బ్రెస్సియా, చిమినో బృందం కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపేయడం. అదే ఫిస్టులా. చెయ్యి పెట్టి చూస్తే జుమ్ముమని కదులుతుంటుంది. ఒంట్లో పరాయి వస్తువేదీ ఉండదు కాబట్టి ఇన్‌ఫెక్షన్ భయం అన్నిటికంటే తక్కువ. సిరలు బాగాలేనివాళ్లకు చర్మం కింద కృత్రిమ గొట్టం, అంటే గ్రాఫ్టు వేస్తారు. ఇందులో భయం కాస్త ఎక్కువ. మెడలో క్యాథెటర్‌తోనే నెలలు గడిపితే మరీ ఎక్కువ.

చిక్కంతా కాలం దగ్గరే. ఫిస్టులా చేశాక వాడకానికి రావడానికి ఆరు వారాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. కిడ్నీలు చెడిపోతున్నాయని ముందే తెలిస్తే ముందే చేయించుకోవచ్చు. కానీ వాజేడు, వెంకటాపురం నుంచి గోదావరి దాటి వచ్చేవాళ్లు చివరి నిమిషంలో ఆయాసంతో చేరితే మెడలో గొట్టమే గతి. అంత దూరం ప్రయాణం, దుమ్ము, చెమట... మెడలోని ఆ గొట్టానికి ఏ పూత వేసినా కాపాడేది కొంతవరకే. కూలికి పోయేవాళ్లకు రోజు పోవడం అంటే ఏమిటో తెలియక చెబుతున్న మాట కాదిది. కాళ్లవాపు, మూత్రంలో నురగ, ఏళ్లనాటి షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకుంటే తర్వాత నెలలు మిగులుతాయి.

ఫిస్టులా గానీ గ్రాఫ్టు గానీ ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, సూదులు వేయనివ్వొద్దు. డయాలిసిస్‌కు వెళ్లేముందు ఆ చేతిని సబ్బుతో కడుక్కోవాలి. చీము, ఎరుపు, జ్వరం, చలి వణుకు... ఏది కనిపించినా తర్వాతి వంతు దాకా ఆగొద్దు. రక్తం కారితే వేలితో గట్టిగా అదిమిపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

కాలి బైపాస్ వాళ్ల సంగతీ అంతే. ఆపరేషన్‌కు ముందు షుగరు అదుపులో ఉండాలి. బీడీ మానాలి... కొద్దిరోజుల కోసం కాదు, మొత్తానికి. పాదం మీద పుండు ఉంటే దాచకుండా చెప్పాలి. ముందురోజు సబ్బుతో స్నానం చేయాలి. కోత పెట్టేచోట వెంట్రుకలు మనమే బ్లేడుతో గీసుకోకూడదు. ఆ కంటికి కనిపించని గీతలే క్రిములకు తలుపులు. తీయాల్సి వస్తే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. ‘డాక్టర్‌గారూ, కోతకు ముందు యాంటీబయాటిక్ ఇస్తున్నారా?’ అని అడగడంలో తప్పేం లేదు. మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు.

ఇంకొక్కటి. గ్రాఫ్టు డబ్బాలోనే దాని రకం, కొలత, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి ఆసుపత్రి ఫైల్లో అతికిస్తారు. ఇంకోటి డిశ్చార్జి కాగితం మీద అతికించమని అడిగి తీసుకోండి. ఎనిమిదేళ్ల తర్వాత గజ్జల్లో చిన్న చీముగుల్ల వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కోయించుకోవద్దు. ఆ కాగితం పట్టుకుని ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి.